మాస్టారి పొట్టి గేర్ రాడ్డు

మాస్టారికి ఇద్దరు భార్యలని ఆ వీధిలో ఓ జోకు. ఒకావిడ ఇంట్లో ఉంటుంది, రెండోది షెడ్డులో. షెడ్డులో ఉన్నదానికి రెండే సీట్లు, పొడుగాటి ముక్కు, మడిచిపెట్టుకునే గుడ్డ టాపు. మాస్టారు కుర్రతనంలో కొన్న స్పోర్ట్స్ కారు అది, కొనేనాటికే పాతది. ఈ జోకు పుట్టించింది వీధివాళ్లు కాదు, ఇంట్లో ఉన్నావిడే. "మా సవతికి ఒంట్లో బాగోలేదమ్మా, ఈయనగారు పొద్దుటినించీ దాని కిందే పడుకున్నారు" అని పక్కింటావిడతో గోడమీంచి చెప్పేది.

సవతి అనదూ మరి? పెళ్లయిన కొత్తలో పక్క సీట్లో కూర్చుని, సరదాపడి గేర్ రాడ్డు మీది నల్లగుండు మీద చెయ్యి వేసింది పాపం. మాస్టారు తేలు కుట్టినట్టు ఉలిక్కిపడి "ముట్టుకోకు, గేరు పళ్లు అరుగుతాయి!" అన్నారు. ఆవిడ చెయ్యి తీసేసింది. ఆ తర్వాత ఎన్నిసార్లు ఎక్కినా చేతులు ఒళ్లో పెట్టుకునే కూర్చుంది. మాట మాత్రం మర్చిపోలేదు. ఆడవాళ్లు మర్చిపోవాల్సినవి మర్చిపోరు, అది వేరే కథ.

ఈ మధ్య మాస్టారికి ఓ చిక్కొచ్చిపడింది. గేరు మార్చే వైపు భుజం పట్టేసింది. మూడో గేరుకి రాడ్డు ముందుకు నెట్టాలంటే చెయ్యి బారుగా చాపాలి. చాపితే కళ్లమ్మట నీళ్లు. సరే, ఎవరికైనా చెప్పొచ్చుగా? చెప్తే కొంప మునుగుతుంది. భార్య కారు షెడ్డులోంచి కదలనివ్వదు. భార్య తమ్ముడైతే మరీను. లేతు షాపు అతనిది. మీసాలు మొలిచిన నాటినుంచీ ఆ బండికి మరమ్మతులన్నీ తనే చేస్తూ, "నీకు చేతగానప్పుడు తాళం నాకిచ్చెయ్యి బావా" అని పాటగా పాడుతున్నాడు. అందుకని మాస్టారు నోరు మూసుకుని బుర్ర వాడారు. రాడ్డు పొట్టిదైతే చెయ్యి అంతదూరం పోనక్కర్లేదు కదా! ఇంత చిన్న ఉపాయం ఇన్నాళ్లూ తట్టనందుకు తననితాను తిట్టుకుని, బండి వేసుకుని లేతు షాపుకి వెళ్లారు.

"ఇన్నాళ్లూ బానే ఉందిగా, ఇప్పుడెందుకు బావా?" అన్నాడు బావమరిది, నూనె చేతులు గుడ్డకి తుడుచుకుంటూ.

"స్పోర్ట్స్ కారుకి పొట్టి రాడ్డే అందంరా. ఇంత పొడుగు లారీలకుంటుంది."

"ఈ వయసులో అందం కావాల్సొచ్చిందా?"

"నాక్కాదు వెధవా, బండికి!"

"కోశాక మళ్లీ పెరగడానికి ఇదేం జుట్టు కాదు, ఆలోచించుకో. పైగా పొట్టిదైతే కాస్త..."

"సైన్సు నాకు చెబుతావా? కొయ్యి."

మాస్టారు పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. బావమరిది రాడ్డు విప్పి బల్లమీది వైసు దవడల్లో బిగించి, నాలుగు వేళ్ల పొడుగు ముక్క కోశాడు. మిగిలిన రాడ్డు కొసకి కొత్తగా మర కోసి, నల్లగుండు తిరిగి బిగించాడు. ఊడిన ముక్క చొక్కా జేబులో వేసుకున్నాడు. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉందనుకున్నారు! మాస్టారు దూరంగా నిలబడి ఓసారి, తల వంచి ఓసారి చూసుకుని మురిసిపోయారు.

ఆ మురిపెం వీధి మలుపు దాకానే. చెయ్యి చాపక్కర్లేని మాట నిజమే. కానీ రాడ్డు కదిలితేగా! ఉన్న బలమంతా పెట్టాల్సొస్తోంది, పెడితే భుజం అరుస్తోంది. బండి ఆగి ఉన్నప్పుడు మొదటి గేరు రెండు చేతులతో వేసుకున్నారు. మూడో గేరు ఒళ్లంతా ముందుకు వాల్చి ఎలాగో నెట్టారు. రెండో గేరు మాత్రం వెనక్కి లాగాలి. అది మొదట్నించీ పెంకిది, ఇప్పుడు బొత్తిగా మొండికేసింది. అయ్యవారిని చెయ్యబోతే కోతి అయింది. అంతటితో మాస్టారు మొదటి గేరు నుంచి ఏకంగా మూడుకి దూకడం మొదలెట్టారు. బండి గజగజా వణుకుతూ పోయేది.

"సవతికి చలిజ్వరమా?" అంది భార్య, మార్కెట్టుకి వెళ్తున్నప్పుడు.

"గేరు ఆయిలు చిక్కబడింది. మార్చాలి."

ఆడలేక మద్దెల ఓడు అని ఆవిడ పైకి అనలేదు, కిటికీ వైపు తిరిగి నవ్వుకుంది. మార్కెట్టు వీధి చివరే ఉంది. అయినా ఎత్తు రోడ్డు తప్పించుకోవడానికి మాస్టారు ఊరంతా చుట్టి తీసుకెళ్లారు. సంచి నిండకముందే పెట్రోలు అయిపోతుందేమోనని ఆవిడకి అనుమానం వచ్చింది.

భార్యని మభ్యపెట్టొచ్చుగాని లేతు షాపు చెవులని మభ్యపెట్టలేం. షాపు ముందునుంచి బండి మూలుగుతూ వెళ్తుంటే బావమరిది రోడ్డు మీదికొచ్చి ఆపాడు.

"రెండో గేరు పడటంలేదు కదూ బావా?"

"పడక ఏంరా? వెన్నలా పడుతోంది."

"అయితే ఆదివారం నీళ్ల ట్యాంకున్న గట్టు ఎక్కించు, రెండో గేరు పడందే ఆ ఎత్తు ఎక్కదు. నేను పైన నిలబడతా. బండి ఎక్కడా ఆగకుండా పైకొస్తే జన్మలో మళ్లీ తాళం అడగను. మధ్యలో ఆగిందా, తాళం నాది. సాక్షిగా అక్కని కూర్చోబెట్టుకో, తను అబద్ధం ఆడదు."

"ఆదివారం దాకా ఎందుకు, ఇవాళే..." అనబోయి, నోటికి తాళం వేసుకుని "సరే, ఆదివారం" అన్నారు మాస్టారు. ఇంటికొచ్చాక షెడ్డులో కూర్చుని బండి ముక్కు నిమురుతూ ఉండిపోయారు. బడిలో మొదటి జీతం నుంచీ దాచి కొన్న బండి. ఏమీ లేనప్పుడు కూడా అదొక్కటి ఉందన్న ధీమాతో బతికిన మనిషి. ఇప్పుడు అదే పోతుందేమో.

శనివారం వంటింట్లో భార్య ఓ పెద్ద డబ్బా ఆయన ముందు పెట్టింది. "మూత బిగుసుకుపోయింది, తీసిపెట్టండి." మాస్టారు చెంచా తీసుకుని మూత అంచు కింద దూర్చి నొక్కారు. మూత కదల్లేదు గాని చెంచా వంగింది.

"ఆ పొట్టిదానితో కుస్తీ దేనికండీ? పొడుగు గరిటె తీసుకోండి," అంది ఆవిడ. "గోడ అవతల మీరు ట్యూషన్లో అరిచి అరిచి చెప్పేవారుగా. గడ్డపార పొడుగైతే బండ తేలిగ్గా లేస్తుంది, పొట్టిదైతే చెమటలు కక్కాలి అని. వినీ వినీ నాకే వచ్చేసింది."

మాస్టారు గరిటె చేత్తో పట్టుకుని కొయ్యబారిపోయారు. ఎన్ని తరగతులకి చెప్పారో ఆ పాఠం! తప్పు చెప్పినవాడిని బెంచీ ఎక్కించారు కూడా. రాడ్డు కొయ్యమన్నప్పుడు ఆ పాఠం ఏ గంగలో కలిసిందో. పోనీ మళ్లీ పొడుగు చేయిద్దామా అంటే చెయ్యి చాపలేరు, పొట్టిదే ఉంచుదామంటే లాగలేరు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. గరిటె పెట్టి నొక్కితే మూత టప్పున లేచింది. "చూశారా!" అంది ఆవిడ అమాయకంగా. ఆవిడ అమాయకత్వాన్ని మాత్రం నమ్మకండి.

ఆదివారం బండి గట్టు ఎక్కడం మొదలెట్టింది. పైన ట్యాంకు రెయిలింగుకి ఆనుకుని బావమరిది కనిపిస్తున్నాడు. భార్య చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. సగం దూరం మూడో గేరు మోసింది. బడి గోడ దాటాక రోడ్డు నిటారుగా లేచింది, ఇంజను దడదడా కొట్టుకోవడం మొదలెట్టింది. మాస్టారు క్లచ్చి తొక్కి రాడ్డు లాగారు. రాలేదు. ఇంకోసారి లాగారు. భుజంలో కత్తి దిగినట్టయింది. బండి వేగం చచ్చిపోతోంది. ఇంకాస్తయితే ఆగిపోతుంది. ఆగితే ఇంకేముంది, పోయినట్టే.

"నా వల్ల కావడంలేదే," అన్నారు మాస్టారు. ఆ మాట ఆయన నోట రావడం అదే మొదలు. "భుజం లేవడంలేదు. రాడ్డు కోయించింది అందానికి కాదు, అందుకే."

"తెలుసు. చొక్కా తొడుక్కోవడానికే అవస్థ పడుతున్న మనిషి గేరేం మారుస్తారు? మీరు చెప్తారేమోనని చూస్తున్నా. ఊఁ, క్లచ్చి వదలకండి."

ఆవిడ ఒళ్లోంచి చెయ్యి తీసి ఆయన చేతిమీద వేసింది. "ఊఁ, లాగండి." ఇద్దరూ కలిసి లాగారు. రాడ్డు టక్కున వచ్చి కూర్చుంది. బండి ఒక్కసారి ఊపిరి పీల్చుకుని, గుర్రుమంటూ గట్టు ఎక్కేసింది. ఆవిడ చెయ్యి తియ్యలేదు, ఆయన తియ్యమనలేదు. పైకి చేరేసరికి మాస్టారికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

బావమరిది బండి చుట్టూ తిరిగి వచ్చాడు. "అక్కా, నిజం చెప్పు. బండి ఎక్కడా ఆగలేదా?"

"ఆగలేదు."

"గేరు బావే మార్చాడా?"

"ఇద్దరం మార్చాం. ఒంటిచేత్తో మార్చాలని పందెంలో అన్నావా?"

బావమరిది ఫక్కున నవ్వేశాడు. "అబద్ధం ఆడవనుకున్నా గాని, లాయరువి అనుకోలేదు! సరే, ఓడిపోయా." చొక్కా జేబులోంచి నాలుగు వేళ్ల ఇనపముక్క తీశాడు. "ఇదిగో బావా, పారెయ్యలేదు. నువ్వు భుజం పట్టుకోవడం చూస్తూనే ఉన్నాగా, చూపించుకుని మందేదో వాడు. నయమయ్యాక తీసుకురా, అతికించి పెడతా. మళ్లీ నువ్వొక్కడివే మార్చుకోవచ్చు."

మాస్టారు ముక్క అందుకున్నారు. అటూ ఇటూ తిప్పి చూశారు. తర్వాత భార్య చేతిలో పెట్టి, "దాచు. ఇప్పట్లో దీంతో పనిలేదు," అన్నారు.

ఆవిడ దాన్ని చేతిసంచిలో వేసుకుంది. దిగువకి బయలుదేరబోతూ నల్లగుండు మీద చెయ్యి పెట్టి, ఆయన మొహంలోకి చూసింది.

"ముట్టుకోవచ్చా మరి? పళ్లు అరుగుతాయేమో!"

"అరగనీ," అన్నారు మాస్టారు.