నత్త ఆవులించిన చోట

పెళ్ళయి నాలుగు నెలలు దాటినా ఆడపడుచు ఆమెను ఇంకా "పెళ్ళికూతురా" అనే పిలుస్తుంది. తమ్ముణ్ణి మాత్రం చిన్నప్పట్నుంచీ "నత్తా" అనే. అన్నం ముందు కూర్చుంటే గంట, చెప్పులు వేసుకోవడానికి అరగంట పట్టే మనిషికి ఆ పేరు కొలిచి కుట్టినట్టు సరిపోయింది. అతనికి దానిమీద కోపం లేదు. కోపం లేకపోగా, కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసే ఉద్యోగం చేసుకుంటూ, సాయంత్రాలు ఖాళీగా కూర్చోలేక ఫోన్లో ఆడుకునే ఆట ఒకటి తయారుచేసి, అందులో నత్తనే నాయకుణ్ణి చేశాడు. ఆ నత్త వీపుమీద ఇల్లు మోసుకుంటూ తోట ఈ చివర్నుంచి ఆ చివరికి పోతుంది. దారిలో ఆకులుంటాయి, నీటి గుంటలుంటాయి, వెనకనుంచి తొందరపెట్టే చీమలుంటాయి. ఆటకి 'నత్తిల్లు' అని పేరు పెట్టాడు.

సరదాగా ఉన్నన్నాళ్ళూ అది నిజంగానే సరదాగా ఉండేది. ఆ తర్వాత ఆటలు అమ్మిపెట్టే ఒక కంపెనీ కంట్లో పడింది. బాగుంది, ముందు రెండొందలమంది కొత్తవాళ్ళ చేత ఆడించి చూస్తాం, వాళ్ళు చివరిదాకా ఆడితే ఒప్పందం రాసుకుందాం అన్నారు. అతను షాపులో మూడు నెలలు సెలవడిగాడు.

"నీ కుర్చీ మూడు నెలలు ఖాళీగా ఉంచుతాను. ఆ తర్వాత రాకపోతే ఇంకొకర్ని కూర్చోబెడతాను. మళ్ళీ నన్నేమీ అనకూడదు" అన్నాడు షాపు పెద్దాయన.

ఆ మూడు నెలల్లో ఇప్పుడు మిగిలింది పదకొండు రోజులు.

కంపెనీ తరఫున మాట్లాడే ఆవిడకి మొగుడూ పెళ్ళాలిద్దరూ కలిసి 'నంబర్లావిడ' అని పేరు పెట్టుకున్నారు. ప్రతి సోమవారం మూడింటికి ఫోన్ చేస్తుంది. మొదటిసారి చేసినప్పుడు, "నత్తి ఇల్లు అంటే ఏమిటండీ, మాట తడబడేవాళ్ళ ఇల్లా?" అని అడిగింది.

"నత్తి కాదండీ, నత్త. నత్త ఇల్లు."

"అలా చెప్పండి. నేను మా వాళ్ళందరికీ వేరేలా చెప్పేశాను."

ఆ రోజు ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు. తర్వాత నవ్వడానికి ఏమీ దొరకలేదు. ఎందుకంటే ఆవిడ ప్రతివారం ఒక గీత పంపేది. ఆట మొదలుపెట్టినవాళ్ళు ఎంతదూరం వచ్చారో చూపించే గీత. మొదటి మలుపు, రెండో మలుపు దాకా చదునుగా, బుద్ధిగా నడిచేది. మూడో మలుపు దగ్గర, నత్త పెద్ద ఆకు కిందికి వెళ్ళేచోట, కాళ్ళు విరిగినట్టు కూలబడేది. నూటికి అరవైమంది అక్కడే ఆట ఆపేస్తున్నారు.

"ఏదో పొరపాటుంది చూడండి. ఆకు నచ్చలేదేమో" అనేది నంబర్లావిడ.

అతను ఆకు రంగు మార్చాడు. తర్వాత ఆకునే మార్చాడు. దారి వెడల్పు చేశాడు, చీమల్ని నిదానం చేశాడు, ఆకు దాటితే ఎర్రటి పళ్ళు దొరికేలా పెట్టాడు. గీత మాత్రం అక్కడే కూలబడుతోంది. మూడు వారాలు ఆ ఒక్క మలుపు దగ్గరే తల బద్దలు కొట్టుకున్నాడు. బల్లనిండా కాగితాలు పరుచుకోవడంతో లాప్‌టాప్ ఇస్త్రీ బల్ల మీదికి చేరింది. ఆమె బట్టలు మంచం మీద దుప్పటి వేసి ఇస్త్రీ చేసుకునేది. ఏం మాట్లాడినా అతను "ఊఁ" అనేవాడు. ఆ ఊఁలు మూడు రకాలు: విన్నాను అనే ఊఁ, వినలేదు అనే ఊఁ, ఇప్పుడు కాదు అనే ఊఁ. మొదటి రకం ఈమధ్య బొత్తిగా తగ్గిపోయింది.

అయినా ఆమెకి ఆ రెండు గదులంటే ఇంకా ముద్దే. కప్పులో రెండు టూత్‌బ్రష్‌లు ఒకదాని మొహం ఒకటి చూసుకుంటూ నిలబడటం చూస్తే చాలు, పొద్దున్నే నవ్వొచ్చేది. ఆ కప్పు పెళ్ళికి ముందు ఎవరిదో, దాని అంచు ఎందుకు పగిలిందో కూడా అడిగి తెలుసుకుంది. అలసట లేదని కాదు. ఆరింటికల్లా ఇల్లు వదిలి రక్తపరీక్షల సెంటర్‌కి వెళ్ళాలి. ఏమీ తినకుండా వచ్చే జనానికి వరసగా సూదులు గుచ్చాలి. మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి ఒళ్ళు పులిసిపోయేది. దారిలో ఆవులింతలు, బస్సులో ఆవులింతలు, మెట్లమీద ఆవులింతలు.

ఆ గురువారం పొద్దున సెంటర్లో బెంచీలు నిండిపోయి ఉన్నాయి. మొదటి కుర్చీలో ఒక పెద్దాయన చొక్కా చేయి మడుచుకుని కూర్చున్నాడు. ఆమె నరం కోసం వెతుకుతుంటే బెంచీ చివర ఎవరో నోరంతా తెరిచి, శబ్దం చేస్తూ ఆవులించారు. పక్కనున్నావిడ చేయి అడ్డం పెట్టుకుని ఆవులించింది. ఆవిడ పక్కాయన. ఆయన వెనక బెంచీ. గాలికి పైరు వంగినట్టు ఆ ఆవులింత గదంతా చుట్టి వచ్చి, చివరికి సూది పట్టుకున్న ఆమె నోరు తెరిపించింది.

చేయి అక్కడే ఆగిపోయింది.

"ఏమ్మా, నరం దొరకలేదా?" అన్నాడు పెద్దాయన.

"దొరికింది తాతగారూ" అందామె. "ఇప్పుడే దొరికింది."

ఆ ఆకు కింద నత్త ఆవులిస్తుంది. ఆ ఆవులింత ఆమెదే.

పెళ్ళయిన మొదటి వారం, ఒక ఆదివారం మధ్యాహ్నం, ఆమె ఒళ్ళు విరుచుకుంటూ తీరిగ్గా ఆవులించింది. చివర్లో పిల్లికూన కూసినట్టు చిన్న కూత ఒకటి వచ్చింది. అతను లేచి కూర్చుని, "మళ్ళీ ఒకసారి" అన్నాడు. "ఆవులింత అడిగితే వస్తుందా ఎక్కడైనా?" అందామె. అడక్కుండానే ఐదు నిమిషాల్లో వచ్చింది, అతను ఫోన్లో పట్టేశాడు. వారం తిరక్కుండా దాన్ని నత్త నోట్లో పెట్టి చూపించాడు. "ఊరందరి ముందూ నా పరువు తీస్తారా?" అని దిండు పెట్టి కొట్టింది కానీ, ఆ రోజంతా ఎన్నిసార్లు ఆడిందో లెక్కలేదు. పెళ్ళికి వచ్చిన కానుకలన్నిటిలోకీ అదే తనదని ఆమెకి అనిపించింది.

ఇంటికొచ్చినా వెంటనే మేడెక్కలేదు. కింద ఆడపడుచు కుట్టుషాపులోకి వెళ్ళింది.

"ఏం పెళ్ళికూతురా, మొహం అలా వేలాడేశావు? మా నత్తగాడు ఏమన్నా అన్నాడా?"

"ఏమీ అనలేదు వదినా. అసలు మాట్లాడితేగా. ఈ ఆట కాస్త ఆడిపెడతారా?"

"నాకు బోలెడు బ్లౌజులున్నాయే" అంటూనే వదిన మిషను మీద మోచేతులు ఆనించి ఫోను అందుకుంది. "నత్తగాడు వీణ్ణి అచ్చం తనలాగే చేశాడు. నడవడే! కదలరా బాబూ!" అని తిడుతూ రెండు మలుపులు దాటింది. మూడో మలుపు దగ్గర నత్త ఆకు కిందికి వెళ్ళింది, ఆవులించింది. వదిన కూడా ఆవులించింది. కళ్ళు తుడుచుకుని ఫోను గుడ్డముక్కల మధ్య పెట్టేసింది.

"బావుందే. కళ్ళు మూతలు పడుతున్నాయి. మిగతాది రేపాడతాలే."

"ఇంకొక్కసారి వదినా, నా కోసం." ఈసారి ఆమె చప్పుడు రాకుండా చేసి ఇచ్చింది. వదిన మూడో మలుపు దాటింది, నాలుగోదీ దాటింది. బ్లౌజు కోసం వచ్చినావిడ గుమ్మంలో నిలబడి రెండుసార్లు దగ్గినా తలెత్తలేదు.

పైకి వెళ్ళేసరికి అతను ఆరో ఆకు గీస్తున్నాడు.

"ఏవండీ, ఆకు ఆపండి. తప్పు ఆకుది కాదు, నాది."

అతను ఊఁ అన్నాడు. రెండో రకం.

"నా ఆవులింత విని వాళ్ళకీ ఆవులింత వస్తోంది. నిద్రొచ్చి ఆట మానేస్తున్నారు. వదిన మీద చూసి వచ్చాను. దాన్ని తీసేయండి."

అతను కుర్చీలో వెనక్కి తిరిగి, చాలాసేపు ఆమె మొహంలోకి చూశాడు. నవ్వుతాడనుకుంది. నవ్వలేదు.

"తియ్యను."

"అదేమిటండీ?"

"తియ్యనంటే తియ్యను. ఆకు ఆవిడ చెప్పిందని మార్చాను. చీమలు ఆవిడ చెప్పిందని మార్చాను. ఆ పళ్ళు చూస్తే నాకే వెగటు పుడుతోంది. పొద్దున లేచి ఈ పెట్టె తెరవాలంటే షాపుకి పోతున్నట్టే ఉంది. షాపే నయం, ఆరింటికి ఇంటికి పంపేవారు. ఈ ఆటలో నేను ఇష్టపడి పెట్టినదాంట్లో మిగిలింది అదొక్కటే. అది కూడా నువ్వే తియ్యమంటావా?"

ఇన్ని మాటలు అతను ఒక్కసారిగా మాట్లాడటం ఆమె వినడం ఇదే మొదటిసారి. పక్కన ఇస్త్రీ చెయ్యని బట్టల కుప్ప మీద కూర్చుండిపోయింది. ఏడుపు వస్తుందేమో అనుకుంటే ఆవులింత వచ్చింది. ఆపుకోబోయింది, ఆగలేదు. చివర్లో ఆ కూత కూడా వచ్చింది. ఎదురుగా అతనూ నోరు తెరిచాడు.

"చూశారా?" అందామె.

"చూశాను" అన్నాడతను, కళ్ళలో నీళ్ళు తుడుచుకుంటూ. అవి ఆవులింత నీళ్ళో, వేరేవో ఆమె అడగలేదు.

"రోజుకి ఇరవై ఆవులింతలు ఉత్తపుణ్యానికి ఇస్తున్నాను మీకు. ఒకటి పోతే ఏం?"

అతను మళ్ళీ లాప్‌టాప్ వైపు తిరిగి, ఆమె ఆవులింత తీసి, ఆకుమీద వానచినుకుల చప్పుడు పెట్టాడు. మూడు వారాలు తెగని పని తొమ్మిది నిమిషాల్లో అయిపోయింది. ఒక పని మాత్రం చేశాడు. ఆవులింత ఉన్న పాత ఆటని ఆమె ఫోన్లో అలాగే వదిలేశాడు.

సోమవారం మూడింటికి ఫోను మోగింది. అతను స్పీకర్ పెట్టాడు.

"ఏం చేశారండీ మీరు?" అంది నంబర్లావిడ. "గీత నిలబడింది! నాలుగు, ఐదు, ఆరు దాటి పోతున్నారు."

"చిన్న చప్పుడొకటి తీశామండీ."

"ఒప్పందం కాగితాలు ఈ రోజే పంపిస్తాను. దాంతోపాటు చిన్నచిన్న మార్పులు కొన్ని. ఎక్కువేం లేవు, నలభై ఒకటి."

అతను ఇస్త్రీ బల్ల అంచు పట్టుకున్నాడు. "మొదటిది ఏమిటండీ?"

"నత్త మరీ మెల్లగా పోతోంది. వేగం పెంచాలి."

ఆమె గోడకున్న క్యాలెండరు వైపు చూసింది. షాపులో కుర్చీకి ఇంక వారం గడువు. ఇప్పుడతను సరే అనకపోతే ఈ మూడు నెలలూ గాలికి పోతాయి. సరే అంటే ఏం పోతుందో అతని మెడ వెనకభాగం చూస్తేనే తెలుస్తోంది.

"నలభై చేస్తానండీ" అన్నాడతను. "ఒకటి చెయ్యను."

"ఏది?"

"మొదటిది. అది నత్త కదండీ."

"మా వాళ్ళని అడిగి చెబుతాను" అని ఆవిడ పెట్టేసింది. అరగంటకి మెసేజ్ వచ్చింది. *సరే, నలభై. శుక్రవారానికి.*

గంతులేస్తాడనుకుంది. అతను ఆ మెసేజ్‌ని రెండుసార్లు చదివి, షాపు పెద్దాయనకి ఫోన్ చేశాడు.

"నా కుర్చీ ఇంకొకరికి ఇచ్చేయండి పెద్దాయనా."

"సంతోషం. అద్దాలు కావలసొస్తే మాత్రం రా. ఆ పెట్టెలోకి గుడ్లప్పగించి చూస్తే ఎన్నాళ్ళో పట్టదు."

అతను ఫోన్ పెట్టేసి నలభై మార్పుల జాబితా తెరిచాడు. రెండోది చదివాడు. మూడోది చదివాడు. ఆమె లాప్‌టాప్ మూత మూసేసి, ఇస్త్రీ బల్లని మడిచి గోడకి ఆనించింది. మంచం మీద బట్టలు ఒక పక్కకి తోసి తన ఫోన్ తీసింది.

"ఒక్క ఆట."

"నలభై ఉన్నాయి కదే."

"నత్త కదండీ" అందామె.

ఇద్దరూ తలలు ఆనించి ఆడారు. మొదటి మలుపు, రెండో మలుపు. నత్త పాత ఆకు కిందికి, ఎర్రపళ్ళేమీ లేని ఆకు కిందికి, తన ఇంటిని ఈడ్చుకుంటూ వెళ్ళి ఆవులించింది. ఆమె ఆవులించింది. అతను ఆవులించాడు. ఫోన్ దుప్పట్లోకి జారిపోయింది.

కిందనుంచి, మిషను చప్పుడు ఆపి తన ఫోన్లో కొత్త ఆట ఆడుతున్న వదిన కేక వేసింది.

"పెళ్ళికూతురా! ఒసే! ఏడో మలుపు దగ్గర ఈ నీటిగుంట ఎలా దాటాలే?"

పైనుంచి ఎవరూ పలకలేదు.