స్టూలు పట్టుకునే మనిషి

మా కోడలు శ్రీదుర్గకి కరెంటు పని నేర్పిందీ, గవర్నర్‌పేటలో ఆ కార్డ్‌లెస్ ఇంపాక్ట్ డ్రైవర్, అదే స్క్రూలు బిగించే మిషన్, దగ్గరుండి ఎంచి పెట్టిందీ నేనే. మైలవరంలో ఎవర్నడిగినా చెబుతారు. అంటే, నేను చెప్పమన్నవాళ్ళు చెబుతారు.

ఆ శనివారం పొద్దున దోసె తిరగేయబోతే ఆమె కుడి మణికట్టు కలుక్కుమంది. అట్లకాడ ఎడమ చేతిలోకి మార్చుకునేలోపు దోసె మాడింది. "చూసుకోవద్దూ?" అన్నాడు మావాడు జయంత్, ఫోన్లోంచి తలెత్తకుండానే. చూసుకోవలసింది దోసెనో చేతినో చెప్పలేదు. ఆ మణికట్టు దోసెలకి అరిగింది కాదు. తొమ్మిదేళ్ళుగా మావాడు కరెంటు పని ఒప్పుకున్న ప్రతి ఇంట్లోనూ స్విచ్చి బోర్డులు బిగించిన చెయ్యి అది. ఇంటివాళ్ళు పని చూడ్డానికి వస్తే మాత్రం మావాడు ఆమె చేతిలోని స్క్రూడ్రైవర్ తను తీసుకుని, "మా ఆవిడండీ. స్టూలు పట్టుకోడానికి తెచ్చా" అనేవాడు. అందరూ నవ్వేవారు. ఆమె కూడా నవ్వేది. పెదాల మధ్య రెండు స్క్రూలు ఉండేవి కాబట్టి ఆ నవ్వు సగమే బయటికొచ్చేది. మిగతా సగం ఎక్కడికి పోయేదో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. పైగా "పప్పుగుత్తి పట్టే చేతికి కరెంటెందుకమ్మా" అన్న మహానుభావుణ్ణి నేనే.

అడిగింది గన్నవరంలో రమాసుందరి టీచరు గారు. రిటైరై, ఆడపిల్లల హాస్టల్ కట్టిస్తున్నారు. "నలభై గదులమ్మా. జయంత్‌కి కాదు, నీకిస్తున్నా. మా ఇంట్లో బోర్డులు పెట్టింది ఎవరో నేను చూళ్ళేదనుకున్నావా? సోమవారం మొదలెట్టగలవా?" అన్నారు ఫోన్లో. శ్రీదుర్గ "మొదలెడతానండీ" అనేసి, ఫోన్ పెట్టేశాక భయపడింది. గదికి నాలుగు బోర్డులు. చేత్తో తిప్పితే మూడో గదికి మణికట్టు పనికిరాకుండా పోతుంది. జయంత్ దగ్గర స్క్రూలు బిగించే మిషన్ ఉంది. "దాని జోలికెళ్ళకు దుర్గా, చెయ్యి మెలిపెట్టేస్తుంది. అయినా ఆవిడేదో ముచ్చటపడి అంటే నువ్వు ఒప్పేసుకోవడమేనా?" అన్నాడు. సోమవారం మిషన్ లేకపోతే పని మళ్ళీ తన పేరు మీదికే వస్తుందని వాడికి తెలుసు. ఆమెకీ తెలుసు.

తన మిషన్ తనే కొనుక్కుందామని చీటీ డబ్బు పర్సులో పెట్టుకుని ఆమె స్కూటీ తీసింది. వెనక నేను. దారి పొడుగునా ఆమె మనసులో ఒకటే మాట తిరుగుతోందట: పెద్దది వద్దు, పెద్దది వద్దు. ఎందుకంటే మావాడి మిషన్ పెద్దదే. దాన్ని కొన్న కొత్తలో మురిసిపోయి స్విచ్చి ప్లేట్లకి కూడా దాన్నే పెట్టాడు. ఒక్క ఇంట్లోనే ఆరు ప్లేట్లు పగిలాయి. సరుకు మంచిది కాదన్నాడు. ఇంటివాళ్ళు వచ్చేలోపు ఆ ఆరూ మార్చింది ఆమె. చెప్పలేదు. అప్పుడెందుకు చెప్పలేదా అని కనకదుర్గ గుడి మలుపు దాకా ఆలోచించి, ఆ తర్వాత ఆలోచన మానేసి, మొట్టమొదటిసారి హారన్ గట్టిగా కొట్టింది.

షాపు సుభాని గారిది. "సారు ఏ మోడల్ చెప్పారమ్మా?" అన్నాడాయన.

"సారు చెప్పలేదండీ. నాకే."

"ఇంట్లోకా!" అంటూ గులాబీ రంగు పెట్టె ఒకటి తీశాడు. "ఫొటోలు తగిలించుకోడానికి బ్రహ్మాండంగా ఉంటుంది."

శ్రీదుర్గ సంచి విప్పింది. అందులోంచి చెక్కముక్క, గోడలో పెట్టే ఇనప పెట్టె, రెండు స్విచ్చి ప్లేట్లు, గుప్పెడు స్క్రూలు బల్ల మీదికొచ్చాయి. సుభాని గారు గులాబీ పెట్టె మెల్లిగా వెనక్కి జరిపి, ఓ బరువైన మిషన్ పెట్టాడు. "ఇదైతే లారీ చక్రమైనా ఊడొస్తుందమ్మా."

"నేను లారీలు విప్పనండీ" అని, ఇనప పెట్టెని చెక్కకి బిగించి, దాని మీద ప్లేటు పెట్టి మీట నొక్కింది. టప్పున ప్లేటు రెండైంది. ఆయన ఉలిక్కిపడ్డాడు. ఆమెకి మాత్రం తొమ్మిదేళ్ళ వాదన ఒకటి గెలిచినట్టయింది.

"పన్నెండు వోల్టులది, ముక్కు పొట్టిగా ఉన్నది చూపించండి. పెట్టె మూలల్లోకి దూరాలి."

అది చేతిలో పడగానే ఆమెకి తెలిసిపోయిందట. పిడి చుట్టూ వేళ్ళు పూర్తిగా చేరాయి. మీట సగం నొక్కితే సగమే తిరిగింది. స్క్రూ బిగుసుకునే చోట టకటకమని కొట్టుకుంటూ లోపలికెళ్ళింది, మణికట్టు మాత్రం మెలిపడలేదు. ఇంకో స్క్రూ. ఇంకోటి. గుండె కూడా టకటకమంది. ఆ చప్పుడికి ఏలూరు రోడ్డు మీద ట్రాఫిక్ ఆగిపోయింది, బ్యారేజీ కింద చేపలు తలలెత్తి చూశాయి!

రెండో ప్లేటుకి మిషన్ పక్కన పెట్టి చేతి స్క్రూడ్రైవర్ తీసింది.

"అదేంటమ్మా?"

"పెట్టెలకీ పైపు క్లాంపులకీ మిషనండీ. ప్లేటుకీ, వైరు బిగించే స్క్రూలకీ చెయ్యే. చివరి చుట్టు ఎక్కడ ఆపాలో దీనికి తెలీదు."

సుభాని గారు కుర్చీ జరిపాడు. "కూర్చోండమ్మా, టీ చెబుతా."

"ఇంకా పది స్క్రూలున్నాయండీ" అందామె.

మరి నేనెక్కడున్నానంటారా? ఒక్కసారి లోపలికెళ్ళి, అన్నిటికంటే గంభీరంగా ఉన్న మిషన్ చూపించి "ఇది తీసుకోమ్మా" అన్నాను. అది చెట్లు కోసే రంపమట. "మావయ్యగారూ, మీరు చెరుకురసం తాగండి" అంది. స్కూటీకి కాపలా కాస్తూ రెండు గ్లాసులు తాగాను. నేను ఎంచింది, అల్లం వేసిందా వెయ్యనిదా అన్నదొక్కటే. కరెంటు పని నేర్పడం మాటంటారా, ఇప్పటికీ ఫ్యూజు పోతే ఆమెనే కేకేస్తాను.

"బిల్లు జయంత్ ఎలక్ట్రికల్స్ మీదేగా అమ్మా?" అన్నాడు సుభాని గారు, అలవాటుగా. మావాడి పేరు ఆ షాపులో పాతదే.

ఆమె పర్సు తీసి బల్ల మీద పెట్టింది. "శ్రీదుర్గ అని రాయండి. కింద ఎలక్ట్రీషియన్ అని రాయండి."

సోమవారం గన్నవరం. మావాడూ వచ్చాడు, "చూద్దాం" అంటూ. మొదటి గదిలో ఆమె స్టూలెక్కింది. టైల్సు వెయ్యని నేల మీద అది అటూ ఇటూ ఊగింది. పైనుంచి చూసి, చాలా మామూలుగా అంది: "ఏవండీ, స్టూలు పట్టుకోండి." మావాడు ఫోన్ జేబులో పెట్టి, వంగి, రెండు చేతులా పట్టుకున్నాడు.

ఇందులో ఒకటి కల్పించాను. ట్రాఫిక్ కాదు, అది నిజంగానే ఆగింది, సిగ్నల్ పడింది. చేపల సంగతి చేపల్నే అడగాలి. కల్పించింది మావాడి చేతుల్ని. వాడు గుమ్మంలోంచి కదల్లేదు. ఆమె రెండోసారి అడగలేదు. "మావయ్యగారూ" అంది, అంతే. అప్పట్నుంచీ పట్టుకుంటున్నది నేనే. ఇవాళ్టికి పదిహేడు గదులయ్యాయి. నిన్న రమాసుందరి గారు పని చూడ్డానికి వచ్చి, ఈయనెవరని అడిగారు.

శ్రీదుర్గ పెదాల మధ్యనున్న స్క్రూలు తీసి, నిండుగా నవ్వింది. "మా మావగారండీ. స్టూలు పట్టుకోడానికి తెచ్చా."