ఆపుమని చెప్పు బిడ్డా

నా బామ్మర్ది ఓంప్రకాశ్‌తో నాకు మాటల్లేవు. నా భార్య వనజ దినాల నాడు, భోజనాల బంతిలో కూర్చుని, అందరూ వినేలా అన్నాడు: "మా అక్క బతుకంతా బావ జీపు నూకుడుకే సరిపోయింది."

అది నిజం. అందుకే క్షమించలేదు.

వసంత పంచమి నాడు బాసరలో మనవరాలు సృజనకు అక్షరాభ్యాసం. కొడుకు దుబాయిలో ఉన్నాడు. ఉట్నూరు నుంచి పోవాలంటే నా జీపు, లేదా ఓంప్రకాశ్ కారు. ఆ కారు ఎక్కనని ఒట్టు పెట్టుకున్నాను. జీపు ఇంజనేమో రోకలితో దంచినట్టు చప్పుడు చేస్తోంది. క్రాంకు బేరింగులు అరిగాయి.

ఓంప్రకాశ్ బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. పిలవకుండానే పానాలు పట్టుకుని వచ్చాడు. ప్రేమతో కాదు. నేను తన కారెక్కడం నాకంటే ఎక్కువ ఆయనకే ఇష్టం లేదు.

"హ్యాండిల్ పట్టుమని మీ మామకు చెప్పు బిడ్డా," అని కోడలు ప్రవళికతో అని, జీపు కిందికి దూరాడు.

బేరింగు అంటే రెండు సగాల రేకు. కింది సగం మూతతోపాటే ఊడివస్తుంది. పై సగం క్రాంకుకూ ఇంజనుకూ మధ్య ఇరుక్కుని ఉంటుంది. క్రాంకుకున్న నూనె రంధ్రంలో చిన్న పిన్ను పెట్టి, ముందు నుంచి హ్యాండిల్ తిప్పితే, పిన్ను ఆ రేకును నూకుకుంటూ బయటికి తెస్తుంది. కిందివాడు ఆపుమంటే పైవాడు ఆపాలి. అంతే పని. ఇద్దరికీ మాటలుంటే చాలు.

మాకు ప్రవళిక ఉంది.

"మెల్లగ తిప్పుమను."

"మెల్లగ తిప్పు మామా."

"మెల్లగనే తిప్పుతున్ననని చెప్పు."

"మెల్లగనేనట."

"కనవడుతుంది తీ."

మొదటి రేకు ఊడింది. రెండోది సగం దాకా వచ్చింది. అప్పుడు వంటింట్లో కుక్కర్ కూసింది. ప్రవళిక లోపలికి ఉరికింది.

"ఆపు!" అని కింద నుంచి వినబడింది.

నాకు చెవుడు లేదు. కానీ పేరు పెట్టి నన్నన్నది కాదు. తిప్పాను.

"అరే, ఆపు అంటున్న!"

తిప్పాను. కింద కటుక్కుమంది. హ్యాండిల్ బిగుసుకుపోయింది.

ప్రవళిక చేతులు తుడుచుకుంటూ వచ్చి, "ఆపుమంటుండు మామా," అంది.

"ఆపిన అని చెప్పు."

ఓంప్రకాశ్ ముఖమంతా నూనెతో బయటికొచ్చాడు. పిన్ను వంగి క్రాంకును లోతుగా గీరింది.

"మీ మామకు చెవులు గూడ అరిగినయా బిడ్డా? గిట్ల గీరుకున్న క్రాంకుకు బేరింగులు కూసోవు."

"బావా అని పిలిస్తే నోరు వడిపోతదా, అడుగు."

"మీ ఇద్దరి నడుమ నా నోరే వడిపోతుంది," అంది ప్రవళిక.

ఆ గీత సాపు చేయించడానికి క్రాంకు కరీంనగర్‌లోని లేతు షాపుకు పోయింది. వసంత పంచమికి తిరిగి రాలేదు.

పొద్దున్నే ఓంప్రకాశ్ కారెక్కాను. ముందు సీటు. వెనక ప్రవళిక, పలక పట్టుకుని సృజన. నిర్మల్ దాకా అద్దం దించుమను, ఏసీ తగ్గించుమను, పాట బంద్ చేయుమను అని చెప్పించుకున్నాం. ఆ తర్వాత ప్రవళికకు నిద్ర పట్టింది.

భైంసాలో బాసరకు తిరగాల్సిన మూల దగ్గర ఓంప్రకాశ్ తిరగలేదు. చూశాను. చెప్పించుదామంటే ప్రవళిక నిద్రలో ఉంది. కాసేపటికి దుకాణాల బోర్డులు మరాఠీలోకి మారాయి. ముహూర్తం దగ్గర పడుతోంది. సృజన బోర్డుల వంక చూసి, "తాతా, నేను రాయాల్సింది గీ అక్షరాలేనా?" అంది.

"ఆపు," అన్నాను.

ఓంప్రకాశ్ అద్దంలోంచి వెనక్కి చూశాడు. కారు ఆపలేదు.

"ప్రవళికా, లే బిడ్డా. మీ మామ ఏందో అంటుండు."