మూత తీస్తే నడిచే రంపం

పావనికి చిన్నప్పటి నుంచీ ఒక జబ్బుంది. పాడైన వస్తువు కంటబడితే చెయ్యి ఊరుకోదు. మిక్సీ ఆగిపోతే తిరగేసి చూస్తుంది, టార్చిలైటు వెలగకపోతే విప్పి చూస్తుంది. విప్పినవన్నీ మళ్ళీ బిగుసుకున్నాయా అంటే, ఆ సంగతి ఆమె భర్త గణేష్‌బాబును అడగాలి. "మా ఇంట్లో బతికున్న వస్తువులన్నీ మా ఆవిడ కంటబడనివేనండి" అని రావులపాలెం అరటిగెలల మార్కెట్లో అందరికీ చెప్పి నవ్విస్తుంటాడు.

ఆ రోజు మాత్రం అతనికి నవ్వే ఓపిక లేదు. చినుకు రాల్చని వాయుగుండం ఒకటి ఉత్త గాలి విసిరి పోయింది. ఆ గాలికి గట్టు మీది కొబ్బరిచెట్టు వేళ్ళతో సహా లేచి నారుమడికి నీళ్ళు పారే పంట బోదెకు అడ్డంగా పడింది. దాళ్వా వరికి కాలువ నీళ్ళు వంతుల మీద ఇస్తున్నారు. వీళ్ళ వంతు ఆ రోజే. పొద్దుగూకితే కాలువ లస్కరు వచ్చి తూము తలుపు దించేస్తాడు. వచ్చిన నీళ్ళు వచ్చినట్టే మానుకు కొట్టుకుని మురుగు కాలువలోకి మళ్ళిపోతున్నాయి. అవతల అప్పుడే మొలకెత్తిన నారుమడి నెర్రెలిచ్చి ఉంది. మళ్ళీ వంతు వచ్చేదాకా ఆ నారు బతకదు.

మానును ముక్కలు చేసి దొర్లించాల్సిందే. దానికి ఇంట్లో పెట్రోలు రంపం ఉంది. దసరా తరవాత మళ్ళీ ఆ రోజే బయటికి తీశారు. తాడు లాగగానే గుర్రుమని లేచింది. మానులోకి బెత్తెడు దిగిందో లేదో, నీరసంగా మూలిగి ఆగిపోయింది.

గణేష్‌బాబు తాడు లాగి లాగి చొక్కా తడుపుకున్నాడు.

"పెట్రోలుందో లేదో చూడండి" అంది పావని.

మూత తిప్పి చూశాడు. నిండుగానే ఉంది. మూత బిగించి లాగితే ఒక్క దెబ్బకు నడిచింది. కాసేపటికి మళ్ళీ ఆగింది. ప్లగ్గు విప్పి తుడిచాడు. లాభం లేదు. గాలి ఫిల్టరు దులిపాడు. లాభం లేదు. నూనె పాళ్ళు కుదరలేదేమోనని పాత పెట్రోలు తీసేసి, టూటీ ఆయిలు కలిపిన కొత్తది పోశాడు. నడిచింది. "అదీ సంగతి!" అని మీసం దువ్వుకునేలోపే ఆగింది.

"కార్బొరేటర్ పోయుంటది. రావులపాలెం పట్టుకెళ్తాను."

"మీరెళ్ళొచ్చేసరికి పొద్దుగూకిపోద్దండీ."

"ఇక్కడ కూచుంటే మాత్రం ఏం ఒరుగుద్ది?" అని విసుక్కుంటూ బండి తేవడానికి ఇంటికి వెళ్ళాడు.

గట్టు మీద అత్తగారు పెద్దింట్లమ్మ మజ్జిగ చెంబుతో కూర్చుని ఉంది. ఆవిడకు ఈ మిషనంటే కొన్న రోజు నుంచీ గుండెదడ. దాని అరుపు విని, పళ్ళు చూసి, కొడుకు వేళ్ళు ఏమైపోతాయోనని దసరా ఆయుధపూజలో కొడవళ్ళకూ పారలకూ చేసినట్టు కాకుండా దానికి ప్రత్యేకంగా, మనసారా పూజ చేసింది.

పావని రంపాన్ని ముందు పెట్టుకుని కూర్చుంది. భయం ఒకవైపు, సరదా ఒకవైపు. ప్లగ్గు తుడిస్తే నడవలేదు. ఫిల్టరు దులిపితే నడవలేదు. పెట్రోలుందా అని ఊరికే చూస్తే నడిచింది! చూపుతో నడిచే మిషను ఎక్కడైనా ఉంటుందా? కొత్త పెట్రోలు పోసినప్పుడూ నడిచింది. ఈ రెండింటికీ కలిసింది ఏమిటి?

మూత. రెండుసార్లూ మూత తీశారు.

ఆమె మూత నెమ్మదిగా తిప్పింది. సుయ్‌మని లోపలికి గాలి పీల్చిన చప్పుడైంది. పావని ముఖం వెలిగిపోయింది. వంటింట్లో నూనె డబ్బాకు ఒకవైపే బెజ్జం పెడితే నూనె రాదు, రెండో మూల ఇంకో బెజ్జం పెడితేనే ధారగా దిగుతుంది. పెట్రోలు బయటికి పోవాలంటే గాలి లోపలికి రావాలి. మరి ఈ మూతకు ఆ రెండో బెజ్జం ఏదీ?

మూత లోపలా పైనా తిప్పి చూసింది. పైన నడిమధ్యలో, గంధం కలిపిన పసుపు గట్టిగా ఎండిపోయి ఉంది. దాని మీద రూపాయి బిళ్ళంత కుంకుమ బొట్టు.

అత్తగారు దసరాకు పెట్టిన బొట్టే. ఈ సంగతి తెలిస్తే గణేష్‌బాబు తల్లిని నలుగురిలో కడిగేస్తాడు. గబగబా పడిపోయిన చెట్టు ఆకులోంచే ఒక ఈనె చీల్చి, పసుపు గీకి, వెంట్రుకంత బెజ్జంలో పొడిచింది. ఈనె కొస పసుప్పచ్చగా బయటికొచ్చింది.

"ఏంటమ్మాయ్ అది?" అంది పెద్దింట్లమ్మ.

"మట్టండీ అత్తయ్యగారూ" అంటూ కొసను చెంగుకు తుడిచేసింది.

గణేష్‌బాబు బండి తెచ్చేసరికి రంపం నడుస్తోంది. బండి దిగి దాన్ని అందుకున్నాడు. ఒక కోత, రెండో కోత, మూడోది. రంపం ఆగలేదు. ముగ్గురూ కలిసి మొద్దుల్ని గట్టెక్కించారు. నీళ్ళు ఒక్కసారి తడబడి, చెత్తను ముందుకు తోసుకుంటూ నారుమడిలోకి పారాయి. లస్కరు సైకిలు కనబడేటప్పటికి మడి నిండుగా ఉంది. పావనికి ఏడుపొచ్చినంత సంతోషం కలిగింది.

"ఇంతకీ ఏంటి దీని రోగం?"

"మూతలో మట్టి పట్టిందండీ."

"మట్టి కాదురా" అంది పెద్దింట్లమ్మ, కోడలి చెంగు మీది పచ్చటి మరక వైపు చూస్తూ. "నా పసుపు. నీ చేతులు తెగకూడదని పెట్టాను గానీ, దీనికీ ముక్కుంటదని నాకేం తెలుసు? నారంతా నా మూలంగానే పోయేది."

గణేష్‌బాబు రంపం కింద పెట్టాడు. బోదెలోకి వంగి బురద కడుక్కుని, రెండు చేతులూ తల్లి ముందు చాపాడు.

"పది వేళ్ళూ ఉన్నాయి, చూసుకోమ్మా."

ఆవిడ నిజంగానే ఒక్కొక్క వేలూ తడిమి చూసుకుంది. తరవాత చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని రంపం పక్కన చతికిలబడి, కోడలు అక్కడ పడేసిన ఈనె అందుకుంది.

"ఆ బెజ్జం ఎక్కడుందో నాకూ చూపించమ్మాయ్. వచ్చే దసరాకి బొట్టు దాని పక్కన పెడతాను."