హోలిస్ పేరు ఎవరిది

జనన నమోదు ఫారంలో బిడ్డ పేరు గడి ఒక్కటే మిగిలింది. గడువు రేపటితో సరి. తన ఎనిమిది వారాల పిల్లాణ్ణి ఒళ్లో వేసుకుని టామ్సిన్ వంటింటి బల్ల దగ్గర తాతకు ఎదురుగా కూర్చుంది.

"ఇంకా ఆలోచనేంటే? హోలిస్ అని రాసెయ్," అన్నాడు తాత. ఆయన పేరూ హోలిస్ పాస్కోనే. హ్యూవన్ లోయ ఆపిల్ తోటల్లో ఆ పేరు పెట్టుకున్నవాళ్లలో నాలుగోవాడు. "ఎంత పెద్దమనిషి తరహాగా ఉంటుందో! ఇప్పటి పేర్లన్నీ కుక్కపిల్లల్ని పిలిచినట్టుంటాయి."

హోలిస్ అన్నది వంశానికి మొదటి తల్లి మార్తా పుట్టింటివాళ్ల ఇంటిపేరని ఆ ఇంట్లో అందరి నమ్మకం. పెళ్లితో మాసిపోకుండా తల్లి పుట్టింటి పేరును పెద్దకొడుక్కి పెట్టడం అక్కడి పాత ఇళ్లలో ఆనవాయితీ. ఇంట్లో డిగ్రీ చదివింది టామ్సిన్ ఒక్కతే. అందుకని ఇంటి బైబిలు మొదటి పేజీలో వంశం వివరాలు రాసే పని ఆమె మీద పడింది. హోబర్ట్ పట్నం వెళ్లి పాత రికార్డుల నకళ్లు తెచ్చి నాలుగు రోజులైంది. చెప్పడానికి నోరు రాలేదు.

"తాతా, మార్తా పుట్టింటి పేరు హోలిస్ కాదు. మార్లో."

"నీ మొహం! మరి హోలిస్ ఎవడు?"

"ఆమె శిక్షపడి ఓడలో ఇక్కడికి వచ్చిన ఖైదీ. ఆమెని పనికి పెట్టిన ఇంటి యజమాని వాడు. కడుపుతో ఉన్నదాన్ని తిరిగి జైలుకి పంపేశాడు. బిడ్డ తనది కాదన్నాడట. మనకి పాస్కో అన్న ఇంటిపేరు ఆమె తర్వాత చేసుకున్న మనిషిది."

తాత చేతిలోని టీ సాసర్లోకి ఒలికింది. కళ్లద్దాలు పెట్టుకుని టామ్సిన్ ముందుకు జరిపిన చర్చి జననాల పుస్తకం నకలు మీద వేలు జరిపాడు. తండ్రి గడి ఖాళీ. బిడ్డ పేరు గడిలో హోలిస్.

"వాడి పేరా? ఎనభయ్యారేళ్లుగా నన్ను పిలుస్తున్నది వాడి పేరా? మా అమ్మ పిలిచింది. మీ నానమ్మ పోయే ముందు కూడా అదే పేరుతో పిలిచిందే..."

"తండ్రి గడిలో రాయనివ్వలేదు తాతా. అందుకే బిడ్డకే ఆ పేరు పెట్టింది. ఇక దాన్నెవరూ కొట్టెయ్యలేకపోయారు."

ఆయన నకలునే చూస్తున్నాడు. పిల్లాడు కదిలితే ఉలిక్కిపడ్డాడు.

"మార్తా గట్టిపిండమే," అన్నాడు చివరికి. "నూట ఎనభై ఏళ్లు వాడి పేరు మోశాం. ఆమె పేరు ఒక్కడూ మొయ్యలేదు కదే."

కలం అందుకున్నాడు. గడి దాకా పోనిచ్చి మళ్లీ ఆమెకే ఇచ్చేశాడు.

"రాయి. మార్లో."

టామ్సిన్ రాసింది. బాగుందా అని అడగబోయి తలెత్తింది. తాత ఫారం వైపు చూడటం లేదు. ఆయన వేలు ఇంకా నకలు మీద తండ్రి పేరుండాల్సిన ఖాళీ గడి దగ్గరే ఉంది.