తోడేలు నోట మాట

తెల్లారేసరికి కసీల్డా పొయ్యిలోంచి రొట్టెలు తీసేది. తలుపు తెరవగానే బయటికొచ్చే ఆవిరి కోసం పొగమంచు గుమ్మం ముందు కాచుకుని ఉండేది. కడుపునిండా ఆవిరి తాగి, అరుగు కింద ముడుచుకుని పడుకునేది. ఆరేసిన దుప్పట్లు తడిపిందని కితేరియా అత్త చీపురుతో తరిమితే చర్చి వసారాలోకి పోయేది. ఫాదర్ గారు లోపలికి మాత్రం రానిచ్చేవారు కాదు.

అది సినిమావాళ్లు తెచ్చిన పొగమంచు. మా వల్దెసారో ఊరి కోటలో దయ్యాల సినిమా తీయడానికి మొదటిసారి వచ్చినప్పుడు, డబ్బాల్లో ఏదో కాల్చి దాన్ని పుట్టించారు. సామాను సర్దుకుని పోయేటప్పుడు లారీ ఎక్కమంటే ఎక్కలేదు. ఉండనీలే, మన తిండేం తింటుంది అనుకున్నాం.

ఆకులు రాలే రోజుల్లో ఏటా మాడ్రిడ్ నుంచి దిగేవాళ్లు. వచ్చీరాగానే మా ఊరి బోర్డు పీకేసి, నోరు తిరగని పరదేశపు పేరేదో రాసి పాతేవాళ్లు. జనరల్ గారు ఏలుతున్న స్పెయిన్‌లో తోడేలు మనుషులు ఉండరట. ఉంటే గింటే పరాయి దేశంలోనే ఉండాలట. సెన్సారు వాళ్ల మాట అది. సరే, మాదేం పోయింది, సినిమా అయ్యేదాకా పరదేశీయులుగా బతికేవాళ్లం. పోస్టుమాన్ మాత్రం ఒకసారి ఆ బోర్డు చూసి, దారి తప్పాననుకుని వెనక్కి పోయాడు.

తోడేలు వేషం లియాండ్రోది. ఒకప్పుడు బరువులెత్తిన వస్తాదు. మనిషి కొండలా ఉంటాడు గానీ, ఆడమనిషి ఎదురుపడితే చెవులదాకా ఎర్రబడి పలకరింపు దాటి రెండో మాట అనలేడు. ఏటా అతని చేతిలో చచ్చే పల్లెపడుచు మా కసీల్డా. నలభై దగ్గర పడుతున్నా పడుచు వేషం ఆమెదే. అంత బాగా చావడం ఊళ్లో మరెవరికీ రాదు మరి.

ఆ సినిమాలకి తీసేటప్పుడు మాటలు ఎక్కించేవాళ్లు కాదు. తర్వాత మాడ్రిడ్‌లో ఎవరెవరో గొంతు అరువిచ్చేవాళ్లు. కెమెరా ముందు పెదవులు కదిలితే చాలు. కొందరు అంకెలు లెక్కపెట్టేవాళ్లు, కొందరు ప్రార్థన గొణిగేవాళ్లు. లియాండ్రో మాత్రం ముఖం నిండా వెంట్రుకలు అంటించుకుని, కోరలు తగిలించుకున్నాక, కసీల్డా మెడ మీదికి వంగి కబుర్లు చెప్పేవాడు.

"నిన్నటి శనగల కూరలో ఏం వేశావు?"

"పంది ఎముక. మెల్లగా పట్టుకో, మెడ పట్టేసింది," అని కసీల్డా కళ్లు తేలేసేది.

లియాండ్రో వాళ్ల అమ్మ పోయిన సంగతి, అద్దెగదిలో ఒంటరి బతుకు, అన్నీ ఆమెకి అలాగే తెలిశాయి. దోన్ అనిసేతో అనే దర్శకుడు "కట్" అనేదాకానే ఆ ముచ్చట. వెంట్రుకలు ఊడదీస్తే మళ్లీ మూగవాడే. ఊరందరికీ తెలుసు, ఎవరం ఏమీ అనేవాళ్లం కాదు. కితేరియా అత్త ఒక్కతే, "మనసుపడినదాని మెడ కొరుకుతూ ఎన్నేళ్లు కూర్చుంటాడే వాడు?" అని దెప్పేది.

ఆ ఏడు దోన్ అనిసేతో కబురు తెచ్చాడు. ఇదే ఆఖరు, ఇకమీదట కోటలు వద్దు, సినిమాలన్నీ సముద్రం ఒడ్డునే తీస్తాడట. పైగా, చచ్చే వేషం డబ్బు పెట్టిన జర్మనీవాళ్లు పంపిన పిల్లకి ఇచ్చేశాడు. కసీల్డాకి దుఃఖం ఆగలేదు. ఆఖరికి చావుకి కూడా నోచుకోలేదని ఏడ్చింది, రొట్టెలు మాడ్చింది. లియాండ్రో రోజూ వచ్చి ఆ మాడు రొట్టెలే కొనుక్కుని, టోపీ నలుపుకుంటూ కాసేపు నిలబడి పోయేవాడు.

వెళ్లే రోజు పొద్దున బస్సు రొట్టెల కొట్టు ముందే ఆగింది. అందరూ ఎక్కారు. లియాండ్రో మెట్టు మీద ఒక కాలు పెట్టి కసీల్డా వైపు తిరిగాడు. నోరు తెరిచాడు, మూశాడు. కసీల్డా పిండి చేతులతో అలాగే నిలబడింది.

అరుగు కింద పొగమంచు లేచింది. ఒళ్లు విరుచుకుని, తీరిగ్గా వెళ్లి లియాండ్రో ముఖమంతా కప్పేసింది. కళ్లూ ముక్కూ నోరూ ఏమీ కనబడలేదు.

అతని కాలు మెట్టు దిగింది. తడుముకుంటూ వచ్చి, అలవాటు కొద్దీ కసీల్డా మెడ మీదికే వంగాడు.

"నాకు ఏ సముద్రమూ వద్దు కసీల్డా. నీ పొయ్యికి కట్టెలు కొడతాను. నువ్వు సరేనంటే ఇక్కడే ఉండిపోతాను."

"ఉండు," అంది కసీల్డా. "ఏడాదికోసారి చచ్చి చచ్చి విసుగొచ్చింది నాకు."

డ్రైవరు హారన్ కొడితే కితేరియా అత్త అతని మీదికి చీపురెత్తింది. పొగమంచు మెల్లగా జారి కిందికి దిగింది. లియాండ్రో ముఖం బయటపడింది, చెవులదాకా ఎర్రగా. మళ్లీ నోరు పడిపోతుందేమో అనుకున్నాం.

"చలేస్తోంది నీకు. లోపలికి పద," అన్నాడు లియాండ్రో.

బస్సు కిటికీలోంచి దోన్ అనిసేతో అంతా చూస్తూనే ఉన్నాడు. కట్ అనలేదు.