తర్వాత ఏమైందో

వార్తల వెబ్‌సైట్‌లో శీర్షికలు పెట్టడం ఆమె ఉద్యోగం. "చూస్తే షాకవుతారు" అని రోజుకు ముప్పైసార్లు రాసీ రాసీ తన వేళ్లంటేనే వెగటు పుట్టింది.

"టెక్నాలజీ, మీడియా మీద ఆదివారం ఊరికే కబుర్లు చెప్పుకుంటాం, రా వదినా" అని మరిది బతిమాలితే ఓ కాఫీ హోటల్ మేడ మీదికి వెళ్లింది. అక్కడా అదే కంపు. చావు వార్త పక్కన ఏ ఫొటో పెడితే ఎక్కువమంది నొక్కుతారో ఒకాయన గ్రాఫు వేసి చూపిస్తున్నాడు. అందరూ తలలూపుతున్నారు. ఆమె వెళ్లిపోదామని లేచింది.

అప్పుడే వెనక కుర్చీలోంచి ఫోన్లు బాగుచేసే ఒకావిడ అడిగింది. "నా కొట్టుకొచ్చేవాళ్లంతా మీ వార్తలు రాకుండా ఆపెయ్యమంటారండీ. మొన్న బస్సు బోల్తా పడిందన్నారు. దెబ్బలు తగిలినవాళ్లు బతికారా, లేదా? ఒక్కరైనా చెప్పారా?"

గ్రాఫాయన నవ్వాడు. "పాత వార్త ఎవరు నొక్కుతారమ్మా?"

వెళ్లబోతున్న ఆమె ఆగిపోయింది. ఆ బస్సు వార్తకు శీర్షిక పెట్టింది తనే. తర్వాత ఏమైందో తెలుసుకోవాలని ఆమెకు తోచనే లేదు.

సోమవారం పొద్దున్నే ఆసుపత్రికి ఫోన్ చేసింది. దెబ్బలు తగిలిన పద్నాలుగు మందిలో పదమూడు మంది ఇళ్లకు చేరారు, ఒకావిడ ఇంకా మంచం మీదే ఉంది. అదే రాసి ఇచ్చింది.

"ఇందులో మసాలా ఏదమ్మా?" అని ఎడిటర్ మొహం చిట్లించాడు.

"లేదు సార్. కబురు ఉంది."

ఆయన విసుగ్గా దాన్ని పేజీ అట్టడుగున పడేశాడు. ఆమె పోయిన నెల వార్తల జాబితా తెరిచి, ఫోన్ చెయ్యడానికి మరో నంబరు కోసం వెతకసాగింది.